బంపరు విప్పకముందే లెక్క ముగించకండి

కారు బీమా కంపెనీల్లో క్లెయిములు చూసే పెద్దలకు, వారి తరఫున నష్టం లెక్కగట్టే సర్వేయర్లకు,

నమస్కారం.

ప్రమాదంలో దెబ్బతిన్న కారుకు మీరు మొదట ఇచ్చే ఎస్టిమేటు, ఆ కారు నిజంగా బాగయ్యేసరికి అయ్యే ఖర్చు కంటే తక్కువగా ఉండటం ఇప్పుడు ఎవరినీ ఆశ్చర్యపరచడం లేదు. పాలసీ తీసుకున్నవాళ్లు దాన్ని మోసం అంటారు. గ్యారేజీవాళ్లు "మామూలే సార్" అని నవ్వేస్తారు. మీ ఆఫీసు నుంచి "పాలసీ నిబంధనల ప్రకారమే లెక్కించాం" అని ఒక వాక్యం వస్తుంది. ఈ మూడు మాటల్లో ఏదీ నాకు సరిపోలేదు. అందుకే ఈ లేఖ.

నా ఫిర్యాదు ఒక్కటే. మీ సర్వేయర్ చూసినదానికి లెక్క వేస్తాడు, చూడనిదానికి వేయడు. అంతవరకు తప్పు పట్టను. కనపడనిదానికి ఎవరు మాత్రం ఎలా లెక్క కడతారు? కానీ "ఇంతవరకే చూశాను, లోపల విప్పి చూడలేదు" అని ఆ కాగితం మీద రాయడు. అది రాయకపోవడం వల్ల సగం చూసి వేసిన లెక్క పూర్తి లెక్కలా చెలామణి అయిపోతుంది. తర్వాత లోపల ఏది బయటపడినా, మేమేదో దొరికిందే సందని ఎక్కువ గుంజడానికి చూస్తున్నట్టు అవుతుంది.

ఇప్పటి కార్లలో మనం బంపరు అని పిలిచేది నిజానికి పైనున్న ప్లాస్టిక్ తొడుగు. దెబ్బ తట్టుకోవాల్సిన సరంజామా అంతా దాని వెనకాల ఉంటుంది. ముందు ఒక ఫోమ్ దిమ్మ, దాని వెనక అడ్డంగా స్టీలుదో అల్యూమినియందో ఒక దూలం, ఆ దూలాన్ని బండి బాడీకి కలుపుతూ రెండు పక్కలా రెండు చిన్న పెట్టెలు. ఆ పెట్టెల పనే నలిగిపోవడం. గుద్దుకున్న బలాన్ని తాము మింగి, అది వెనక్కి పోకుండా చూస్తాయి. వీటి చుట్టూ బ్రాకెట్లు, క్లిప్పులు, పార్కింగ్ సెన్సర్లు, వాటి వైరింగ్, కొన్ని మోడళ్లలో ఎదుటి బండ్లను పసిగట్టే రాడార్ కూడా. ప్లాస్టిక్ తొడుగుకు ఒక గుణం ఉంది. దెబ్బకు లోపలికి నొక్కుకుపోయి, మళ్లీ బయటికి వచ్చేస్తుంది. మీద రెండు గీతలు, ఒక మూల కాస్త రంగు ఊడటం, అంతే. వెనకున్న పెట్టెలు మాత్రం నలిగినవి నలిగినట్టే ఉండిపోతాయి. పైన పటారం, లోన లొటారం.

ఇంకో సంగతి. అమెరికాలో బంపరు తట్టుకోవాల్సిన వేగాన్ని 1982లో గంటకు 5 మైళ్ల నుంచి 2.5 మైళ్లకు తగ్గించారు. అంటే గంటకు 4 కిలోమీటర్లు. మనిషి మామూలుగా నడిచే వేగం కూడా అంతకంటే కాస్త ఎక్కువే ఉంటుంది. అంతకు మించిన వేగంతో తగిలిన ఏ బండి విషయంలోనైనా "పైన గీతలే కదా" అనే మాట ఊహ మాత్రమే. విప్పి చూస్తే తప్ప అది నిజమో కాదో తేలదు.

నా కారు విషయంలో జరిగింది సరిగ్గా ఇదే. సిగ్నల్ దగ్గర ఆగి ఉండగా వెనక నుంచి ఒక బండి వచ్చి తగిలింది. మీలాంటి ఒక కంపెనీ పంపిన సర్వేయర్ మర్యాదస్తుడే, పని తొందరలో ఉన్నాడంతే. చుట్టూ తిరిగి ఫోన్‌తో ఫోటోలు తీసుకున్నాడు. డిక్కీ తెరవమని అడగలేదు. ఎస్టిమేటు వచ్చింది: వెనక బంపరు తొడుగు, దానికి రంగు, బిగించే కూలి. గ్యారేజీలో ఆ తొడుగు తీసి నేల మీద పెట్టాక మెకానిక్ నన్ను పిలిచి, డిక్కీలో కార్పెట్ ఎత్తి చూపించాడు. స్టెప్నీ పెట్టే గుంట అంచున రేకు ముడత పడింది. వేలితో రాస్తే తెలిసేంత ముడత. అక్కడ సీలర్ పగిలి లోపలి రేకు మెరుస్తోంది. బ్యాక్ ప్యానెల్ లోపలికి వంగింది. ఆ తర్వాత డిక్కీ మూసి, రెండు పక్కల సందులు చూడమన్నాడు. ఎడమవైపు చిటికెన వేలు దూరుతోంది, కుడివైపు గోరు కూడా పట్టడం లేదు. "ఈ సందు చూస్తే చాలు సార్, లోపల కదిలిందని తెలిసిపోతుంది" అన్నాడు.

ఆ సందు బయటి నుంచి కనిపించేదే. దాని గురించి ఎస్టిమేటులో ఒక్క ముక్క లేదు. సప్లిమెంటరీ ఎస్టిమేటు, అంటే తర్వాత బయటపడ్డ నష్టానికి అదనపు లెక్క, కావాలని మెయిల్ పెడితే "ఇది మొదటి సర్వేలో నమోదు కాని నష్టం" అని జవాబు. మొదటి సర్వేలో నమోదు కాలేదు, నిజమే. మొదటి సర్వేలో బంపరు విప్పితే కదా నమోదు కావడానికి! చివరికి మళ్లీ చూశారు, చాలావరకు ఒప్పుకున్నారు కూడా. నా బాధ ఆ డబ్బు గురించి కాదు. మెకానిక్ ఆ కార్పెట్ ఎత్తకపోయి ఉంటే? తొడుగు మార్చి, మెరుగు పెట్టి చేతిలో పెట్టేవారు. నలిగిన పెట్టెలతో, ముడత పడ్డ రేకుతో ఇంటికి వెళ్లేవాణ్ణి, "క్లెయిము బాగానే అయింది" అని నలుగురికీ చెప్పేవాణ్ణి కూడా.

ఫోటోలు పంపితే చాలు, యాప్ లెక్క వేసేస్తుంది అనే పద్ధతి ఇప్పుడు పెరుగుతోంది. అద్దం పగిలినా, డోరు మీద గీత పడినా అది మంచి సౌకర్యమే, వద్దనను. కానీ ఫోటోకు లోతు తెలియదు. రేకు ముడత నీడలో కలిసిపోతుంది. తెల్ల రంగు బండి మీద ఎండలో తీసిన ఫోటోలో సొట్ట అసలు కనపడనే కనపడదు. అలాంటి ఫోటోల మీద వచ్చిన అంకె కింద "తుది మొత్తం" అని అచ్చు వేయడానికి మీకు చెయ్యి ఎలా వస్తుందో నాకు అర్థం కాదు.

ఇక కూలి సంగతి. ఎస్టిమేటు తక్కువ వచ్చిందంటే అందరూ మొదట పార్టుల ధరలు చూస్తారు. నేను చూసినంతలో అసలు కోత పడేది కూలి దగ్గర, అదీ రేటులో కంటే గంటల్లో. ఒక డోరుకు రంగు వేయాలంటే ఆ డోరుకు ఒక్కదానికి వేస్తే సరిపోదు. మెటాలిక్, పెర్ల్ రంగుల్లో కొత్త రంగు పాతదాని పక్కన తేడా కొట్టకుండా ఉండాలంటే పక్క డోరులోకి, ఫెండర్‌లోకి మెల్లగా కలిపేయాలి. రంగు మీద వేసే పారదర్శక పూత, క్లియర్ కోట్, ఆ ప్యానెల్ మొత్తానికి కొట్టాలి. దానికి హ్యాండిల్, బీడింగ్, సైడ్ అద్దం తీయాలి, మళ్లీ బిగించాలి. కొత్త రేకు వెల్డ్ చేసిన చోట లోపలి బోలులో తుప్పు పట్టకుండా వ్యాక్స్ కొట్టాలి. మీ ఎస్టిమేటులో ఇదంతా కలిపి ఎంత ఉంటుంది? "డోరు పెయింటింగ్ - 1". రాయని పనికి గ్యారేజీవాడికి డబ్బు రాదు. డబ్బు రాని పని అతను చేయడు, లేదా చేసినట్టు అనిపిస్తాడు. వ్యాక్స్ కొట్టకపోతే ఆ రోజు ఎవరికీ తెలియదు. కొన్నేళ్లకు తుప్పు బయటికి వచ్చినప్పుడు దాన్ని ఈ ప్రమాదానికి ముడిపెట్టేవాడే ఉండడు.

రంగు వరకైతే అందం పోతుంది, అంతే కదా అని సరిపెట్టుకోవచ్చు. బండి ఎముకల దగ్గరికి వస్తే అలా కుదరదు. ముందు డోరుకు వెనక డోరుకు మధ్య నిలబడే పిల్లర్ చాలా కార్లలో ఇప్పుడు బోరాన్ కలిపిన, వేడి మీద అచ్చులో నొక్కిన స్టీలుతో చేస్తున్నారు. దాని బలం 1,500 మెగాపాస్కల్స్ (లోహం బలానికి కొలత) దాకా ఉంటుంది. మామూలు రేకును వేడి చేసి సాపు చేసినట్టు దీన్ని చేస్తే ఆ బలం పోతుంది, చూడటానికి మాత్రం తేడా ఉండదు. ఎక్కడ కోయవచ్చు, ఎక్కడ కోయకూడదు, ఎక్కడ వెల్డు, ఎక్కడ జిగురు, ఎక్కడ రివెట్టు అన్నది తయారీ కంపెనీ తన రిపేరు పద్ధతుల పుస్తకంలో రాస్తుంది. "టింకరింగ్ - 3 గంటలు" అని మీరు రాసే ముందు ఆ పేజీ తెరిచారా? ఈ ప్రశ్న ఏ సర్వేయర్‌నైనా అడగండి, మొహం చూస్తే జవాబు తెలిసిపోతుంది.

ఆ పేజీ తెరవకపోతే ఏమవుతుందో చెప్పే కేసు ఒకటి లోకానికి తెలుసు. అమెరికాలో డల్లాస్‌లోని ఒక బాడీ షాపు, వడగళ్ల దెబ్బ తిన్న 2010 మోడల్ హోండా ఫిట్ పైకప్పు మార్చింది. హోండా వెల్డింగ్ చేయమన్నచోట జిగురుతో అతికించింది. ఆ సంగతి తెలియకుండా ఆ కారును సెకండ్ హ్యాండ్‌లో కొన్న దంపతులు 2013లో ఘోర ప్రమాదంలో చిక్కుకున్నారు. కారు మంటల్లో కాలింది. ఇద్దరూ బతికారు, కానీ తీవ్ర గాయాలతో. 2017లో జ్యూరీ ఆ షాపు 3.15 కోట్ల డాలర్లు చెల్లించాలని తేల్చింది. పైనుంచి చూస్తే ఆ పైకప్పు చక్కగానే ఉండేది. కొన్నవాళ్లు ఒక్కసారి కూడా అనుమానపడలేదు.

కెమెరాలు, రాడార్లు వచ్చాక ఇంకో ఖర్చు చేరింది, దాన్ని ఎస్టిమేటులోకి ఎక్కించడమంటే పెద్ద యుద్ధమే. ముందు అద్దం మార్చినా, బంపరు ఊడదీసి బిగించినా, చాలా మోడళ్లలో వీటిని మళ్లీ కాలిబ్రేట్ చేయాలి, అంటే చూపు సరిగ్గా ఉండేలా సర్దాలి. కొన్నింటికి ముందు వీల్ అలైన్‌మెంట్ సరిచూడాలి, లేకపోతే కాలిబ్రేషన్ చేసినా ఉపయోగం ఉండదు. రాడార్ ఒక్క డిగ్రీ పక్కకు తిరిగిందనుకోండి, 100 మీటర్ల దూరంలో అది చూసే చోటు 1.75 మీటర్లు పక్కకు పోతుంది. అంటే మన ముందున్న బండిని వదిలేసి పక్క వరసలో పోతున్న బండిని చూసి బ్రేకు వేయవచ్చు. దీనికి మీ వాళ్లు చెప్పే సమాధానం విన్నాను: "డాష్‌బోర్డు మీద లైటు ఏమీ వెలగలేదు కదా." కారు కంప్యూటర్‌లో నమోదయ్యే లోపాలన్నిటికీ లైటు వెలగదు. అందుకే రిపేరుకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి ఆ కంప్యూటర్‌ను స్కాన్ చేయాలంటారు. పేలిన ఎయిర్‌బ్యాగ్‌తో పాటు బిగుసుకుపోయిన సీటు బెల్టు మెకానిజం, ఒకసారి బిగిస్తే మళ్లీ వాడకూడని బోల్టులు, విరిగితే తప్ప ఊడని క్లిప్పులు కూడా ఇలాగే. చిన్న చిన్న వస్తువులే. అన్నీ కలిపి మీ కాగితంలో సున్నా.

ఇవన్నీ మీకు తెలియవని నేను అనుకోవడం లేదు. బ్రిటన్‌లో థాచమ్ అనే రిపేరు పరిశోధన కేంద్రాన్ని 1969లో పెట్టింది ఎవరో కాదు, అక్కడి బీమా కంపెనీలే. బండి ఎలా నలుగుతుంది, ఎలా బాగుచేయాలి అన్నది మీ రంగం అర్ధ శతాబ్దం దాటి చదువుతోంది. ఆ చదువు ప్రీమియం లెక్క కట్టేటప్పుడు పనికొస్తోంది. క్లెయిము దగ్గరికి వచ్చేసరికి ఎక్కడికి పోతోంది?

పార్టుల విషయంలో నేను మరీ మొండిగా లేను. కంపెనీ పార్టే కావాలి, ఇంకేదీ వద్దు అనే వాదన నాది కాదు. వేరే తయారీదారు చేసిన పార్టు హెడ్‌లైటు మూతకో, లోపలి ప్లాస్టిక్ ఫెండర్ లైనర్‌కో సరిపోవచ్చు. దెబ్బ తట్టుకునే దూలానికి మాత్రం సరిపోతుందని ఎవరైనా చేత్తో రాసి ఇస్తే చూస్తాను. అమెరికాలో ఈ గొడవ కోర్టు మెట్లెక్కి, 1999లో ఇల్లినాయ్ రాష్ట్రంలో ఒక బీమా కంపెనీ మీద వంద కోట్ల డాలర్లు దాటిన తీర్పు వచ్చింది. 2005లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. కాబట్టి న్యాయం ఎటువైపు ఉందన్న చర్చలోకి నేను పోను. నేను అడిగేది ఇంతే: ఏ పార్టు వేస్తున్నారో ఎస్టిమేటులో ఆ వరసలోనే రాయండి. కొత్తదా, పాతదా, ఎవరు చేసినది, దానికి వారంటీ ఎవరిది. ఇప్పుడు పార్టు పేరు ఉంటుంది, అంకె ఉంటుంది. గ్యారేజీవాడు ఫోన్ చేసి "ఈ ధరకు ఒరిజినల్ రాదు సార్" అనేదాకా మాకు సంగతి తెలియదు.

తరుగుదల, అంటే పార్టు పాతబడినందుకు కోసే మొత్తం, కూడా అంతే. భారతదేశంలో ప్రామాణిక మోటారు పాలసీ ప్రకారం రబ్బరు, ప్లాస్టిక్ భాగాలకు 50 శాతం, ఫైబర్ గ్లాసుకు 30 శాతం కోస్తారు, గాజుకు కోత లేదు. ఇది ముందే అచ్చు వేసిన షరతు, సంతకం పెట్టాక దాని మీద దెబ్బలాడటం కుదరదు. కానీ సెకండ్ హ్యాండ్ పార్టు ధర వేసి, దాని మీద మళ్లీ తరుగుదల కోస్తే అది ఏ షరతు? ఒకే పాతదనానికి రెండుసార్లు కత్తెర. ఇలాంటివి జరిగినప్పుడు అడిగితే "సిస్టమ్ అలా తీసుకుంది" అంటారు. సిస్టమ్‌లో అంకెలు వేసింది మనిషే కదా.

గ్యారేజీ ఎంపిక గురించి ఎక్కువ చెప్పను, ఎందుకంటే మీకు దీని చరిత్ర నాకంటే బాగా తెలుసు. అమెరికా న్యాయశాఖ యాంటీట్రస్ట్ కేసు (వ్యాపార పోటీని అణచేస్తున్నారన్న కేసు) వేస్తే, 1963లో అక్కడి బీమా సంఘాలు కోర్టు డిక్రీకి ఒప్పుకోవాల్సి వచ్చింది. నష్టం లెక్కగట్టేవాళ్ల ద్వారా రిపేరు ధరలను గుప్పిట్లో పెట్టుకోకూడదని, బండ్లను ఫలానా షాపులకే తోలకూడదని దాని సారాంశం. అరవై ఏళ్లు దాటినా మాకు వినిపించే మాట ఏమిటి? "మా నెట్‌వర్క్ గ్యారేజీ అయితే ఈ మొత్తానికే చేస్తుంది." చేస్తుంది. ఏమేం చేయకుండా అంతకు చేస్తుందన్నదే ప్రశ్న. మీ దగ్గర నుంచి నెల నెలా బండ్లు రావాల్సిన గ్యారేజీ మీ సర్వేయర్‌తో ఎంతవరకు వాదించగలదు?

జర్మనీలో వేరే పద్ధతి ఉంది. ఎదుటివాడి తప్పు వల్ల ప్రమాదం జరిగితే, నష్టం మరీ చిన్నది కాకపోతే, బాధితుడు తనకు నచ్చిన స్వతంత్ర నిపుణుణ్ణి పెట్టుకోవచ్చు. ఆ ఖర్చు తప్పు చేసినవాడి బీమా కంపెనీయే భరించాలి. అక్కడి కంపెనీలు దివాలా తీయలేదు. అంటే మీరు కట్టే అంకెను మరొకరు తనిఖీ చేసినంత మాత్రాన ఆకాశం విరిగి మీద పడదు.

మీ వైపు వాదన కూడా నాకు తెలుసు. గ్యారేజీలు బిల్లు పెంచుతాయి. పాత సొట్టను కొత్త ప్రమాదంలో కలిపేసేవాళ్లు ఉన్నారు. "ఎలాగూ ఇన్సూరెన్స్ కదా, ఆ పక్క కూడా పెయింట్ వేయించెయ్" అని సలహా ఇచ్చే బంధువు ప్రతి ఇంట్లోనూ ఉంటాడు. ఆ భారం చివరికి అందరి ప్రీమియంలోనూ పడుతుంది. కాబట్టి ప్రతి వరసనూ అనుమానంగా చూడటం మీ సర్వేయర్ల ఉద్యోగం, చూడండి. కానీ అనుమానం ఉన్నవాడు విప్పి చూస్తాడు, కారణం రాస్తాడు. విప్పకుండా, కారణం రాయకుండా గీత కొట్టేసేవాడి మీద పెంచిన బిల్లు కూడా గెలుస్తుంది, నిజమైన బిల్లు కూడా ఓడిపోతుంది. మొండిగా అరిచినవాడికి ఎక్కువ, మొహమాటపడ్డవాడికి తక్కువ ముడుతుంది. ఇప్పుడు జరుగుతున్నది దాదాపు ఇదే.

అన్నిటికంటే నాకు కోపం తెప్పించేది సంతకాల దగ్గర చూపించే తొందర. ప్రమాదం జరిగినవాడి పరిస్థితి ఎలా ఉంటుందో ఊహించండి. బండి లేదు, రోజూ అద్దె బండి ఖర్చు. గ్యారేజీవాడు చోటు అద్దె అడుగుతాడేమోనని టెన్షన్. ఆఫీసుకు సెలవు పెట్టలేడు. ఆ సమయంలో "ఈ ఫారం మీద సంతకం పెడితే రేపే డబ్బు పడుతుంది" అని ఫోన్ వస్తుంది. ఆ ఫారంలో కింద చిన్న అక్షరాల్లో "పూర్తి, తుది పరిష్కారంగా అంగీకరిస్తున్నాను" అని ఉంటుంది. కారు ఇంకా గ్యారేజీలోనే ఉంది, బంపరు ఇంకా విప్పలేదు. విప్పని కారుకు తుది పరిష్కారం ఎక్కడి నుంచి వచ్చింది?

సర్వేయర్ చెప్పిందే వేదమని మాకు చెప్పకండి. ప్రమాదంలో దెబ్బతిన్న ఒక వాహనం కేసులోనే భారత సుప్రీంకోర్టు 2009లో స్పష్టంగా చెప్పింది: సర్వేయర్ రిపోర్టు చివరి మాట కాదు, దాన్ని దాటిపోవడానికి వీల్లేనంత పవిత్రమైనదీ కాదు. సరైన కారణం, సరైన బిల్లులు ఉంటే దాన్ని పక్కన పెట్టవచ్చు. చాలా పాలసీల్లో, ముఖ్యంగా అమెరికాలో, ఇవ్వాల్సిన డబ్బు ఎంతన్నదాని దగ్గర తేడా వస్తే కంపెనీ, పాలసీదారు చెరో నిపుణుణ్ణి పెట్టుకుని, వాళ్లిద్దరూ కలిసి ఒక మధ్యవర్తిని ఎంచుకునే క్లాజు కూడా ఉంటుంది. ఆ క్లాజు ఉందని మీ కాల్ సెంటర్ ఎప్పుడైనా ఎవరికైనా తనంతట తాను చెప్పిందా?

కాబట్టి ఇకమీదట మా వైపు నుంచి ఏం జరుగుతుందో ముందే చెబుతున్నాను, తర్వాత గొడవ పెట్టుకున్నామని అనకండి. మొదటి ఎస్టిమేటును మేం మొదటి ఎస్టిమేటుగానే చూస్తాం. ఫోన్‌లో ఒప్పుకోం, మెయిల్‌లో అడుగుతాం. "తక్కువ ఇచ్చారు" అని అరవడం మానేసి, ఏ వరసలో ఏ పని లేదో చూపిస్తాం. గ్యారేజీని తయారీ కంపెనీ రిపేరు పద్ధతి పేజీ అడిగి తీసుకుని, దాన్ని జతచేస్తాం. బంపరు విప్పాక, కొత్త పార్టు బిగించకముందే పని ఆపించి మిమ్మల్ని మళ్లీ పిలుస్తాం, ఎందుకంటే బిగించేశాక సాక్ష్యం ఉండదు. పాత పార్టులు మీరు చూసేవరకు పారేయవద్దని గ్యారేజీకి చెబుతాం. ఫోటోలు మేమూ తీస్తాం, పక్కన స్కేలు పెట్టి. వివాదం లేని మొత్తాన్ని ముందు విడుదల చేయమని, మిగతాదాని మీద మా హక్కు వదులుకోవడం లేదని రాసి ఇస్తాం. తుది అన్న మాట ఉన్న ఏ కాగితం మీదా కారు బయటికి రాకముందు సంతకం పెట్టం. నష్టం పెద్దదైతే మా డబ్బుతో స్వతంత్రంగా ఇంకొకరికి చూపిస్తాం. అప్పటికీ తేలకపోతే పై అధికారి, బీమా ఫిర్యాదులు వినే అంబుడ్స్‌మన్, వినియోగదారుల కోర్టు, ఎక్కడ ఏ దారి ఉంటే ఆ దారి.

మీ నుంచి అడిగేది ఇంతకంటే చాలా తక్కువ పని. ఎస్టిమేటు పైన "విప్పి చూశాక మారవచ్చు" అని అందరికీ కనిపించే అక్షరాల్లో రాయండి. ఏయే భాగాలు చూడలేదో ఒక వరస రాయండి. మీరు కొట్టేసిన ప్రతి అంశం పక్కన ఎందుకు కొట్టేశారో ఒక వాక్యం ఉండాలి. "అవసరం లేదు" అనేది కారణం కాదు, ఎందుకు అవసరం లేదో రాయాలి. సప్లిమెంటరీ అడిగితే ఎవరు వస్తారు, ఎన్ని రోజుల్లో వస్తారు అన్నది మొదటి కాగితంలోనే ఉండాలి. సర్వే రిపోర్టు కాపీ మేం వెంటపడి తెచ్చుకునే పరిస్థితి ఉండకూడదు, ఎస్టిమేటుతో పాటే రావాలి.

సర్వేయర్లతో విడిగా ఒక మాట. రోజుకు ఎన్ని బండ్లు చూడమంటారో, ఒక్కో బండికి ఎంత ఫీజు ఇస్తారో, తగ్గించి రాయమని పైనుంచి ఎలాంటి ఫోన్లు వస్తాయో మాకు లీలగా తెలుసు. మీ అందరినీ ఒక గాటన కట్టడం నా ఉద్దేశం కాదు. నాకు తెలిసిన ఒక సర్వేయర్ గ్యారేజీకి వచ్చి, చొక్కా మడిచి, టార్చి పట్టుకుని బండి కిందికి వెళ్లి, మెకానిక్ చెప్పని నష్టాన్ని కూడా రాసుకుని వెళ్లాడు. అలాంటివాళ్లు ఉన్నారు కాబట్టే ఈ లేఖ మీకు కూడా రాస్తున్నాను. రేపు మీరు చూడబోయే కారులో తొడుగు విప్పడానికి మెకానిక్‌కు కాసేపు పడుతుంది. ఆ కాసేపు ఆగండి. ఆగే టైము లేకపోతే, ఆగలేదని రిపోర్టులో రాయండి.

జవాబు ఇవ్వదలుచుకున్న కంపెనీ పైన అడిగిన వాటిలో ఏది ఏ తేదీ నుంచి అమలు చేస్తుందో ఒక్కో దానికి విడివిడిగా రాయాలని కోరుతున్నాను. "కస్టమర్ సంతృప్తే మా ధ్యేయం" అని మొదలయ్యే జవాబులు దయచేసి పంపకండి.

ఇట్లు,
ప్రతి ఏడూ గడువు దాటకుండా ప్రీమియం కడుతున్న ఒక పాలసీదారు